రాగి ఎక్కడిది? తవ్విందెవరు?

(శింగనమలలో దళిత విద్యార్థి, యువజన శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నించి భూముల గురించి, చదువుల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు రాగి గురించి మాట్లాడతామంటే వెనక కూర్చున్న ఒక పెద్దాయన, "సంగటి గురించా నాయనా?" అన్నాడు. అందరూ నవ్వినారు. సంగటి గురించి కాదు తాతా, చెంబు గురించి. నీకు బాగా తెలిసిన చెంబే.

మా చిన్నప్పుడు మా అమ్మానాయనలు కూలికి పోయిన కాడికి మేమూ పోయేవాళ్లం. ఎండలో దప్పికైతే ఆ ఇంటి పెరటి గోడ కాడ వంగి దోసిలి పట్టాలి. వాళ్లు పైనుంచి నీళ్లు పోస్తారు. రాగి చెంబు వాళ్ల చేతిలో, దోసిలి మా చేతిలో. చెంబు అంచు మా వేళ్లకు తగలకూడదు. తగిలితే చెంబుకు మైల. చింతపండు పెట్టి తోమి, నిప్పుల్లో చూపించి లోపలికి తీసుకుపోతారు. మట్టి ముంతయితే పగలగొట్టేవాళ్లు. రాగి ఖరీదైంది కాబట్టి దానికి శుద్ధి ఉండాది. మనిషికే శుద్ధి లేదు.

ఇది మా ఒక్క ఊరి కథ అనుకోవద్దు. 1935 నవంబరులో గుజరాత్‌లో, అహ్మదాబాద్ జిల్లా జాను అనే ఊళ్లో, కాస్త కలిగిన అంటరాని కుటుంబాల ఆడవాళ్లు లోహపు బిందెలతో నీళ్లు తెచ్చుకున్నారు. అంతే వాళ్లు చేసిన నేరం. మట్టికుండ ఎత్తాల్సిన చేతులు లోహపు బిందె ఎత్తడం తమ గౌరవానికి దెబ్బ అని సవర్ణులు వాళ్లను కొట్టినారు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో ఈ సంగతి రాసిపెట్టినాడు. మనుధర్మ శాస్త్రం పదో అధ్యాయం తీసి చూడండి. చండాలుడు పగిలిన పాత్రలో తినాలి, ఇనుప నగలే పెట్టుకోవాలి అని ఉంటుంది. అంటే ఏ లోహం ఎవరు ముట్టాలో కూడా చట్టమే చేసినారు.

అందుకే మేము అడుగుతున్నాం. మనల్ని ముట్టనియ్యని ఆ రాగి ఎక్కడిది? ఏ కొండలోంచి వచ్చింది? ఎవరు తవ్వితే వచ్చింది?

రేకు మీద ఎవరి పేరు?

మన జిల్లాల చరిత్ర రాసేవాళ్లకు రాగి అంటే తామ్రశాసనం. పెనుకొండలో దొరికిన రేకులున్నాయి. అయిదో శతాబ్దపు పశ్చిమ గంగ రాజు మాధవుడివి. పరువి పెద్దచెరువు కింద మడి భూమిని ఒక బ్రాహ్మణుడికి దానం చేసినట్టు వాటి మీద చెక్కినారు. పరువి అంటే ఇప్పటి హిందూపురం దగ్గరి పరిగి. రాజు వంశం ఉంది, ప్రతిగ్రహీత గోత్రం ఉంది. తర్వాతి కాలంలో విజయనగర రాజుల శాసనాలకొస్తే చెక్కిన వీరణాచార్యుడి పేరు కూడా ఉంటుంది. మంచిదే, పనివాడి పేరు ఉండటం మనకు సంతోషమే. కానీ ఆ చెరువు కట్ట పోసిన వాళ్లెవరు, ఆ మడిలో నాటు వేసిన వాళ్లెవరు అన్నది ఏ రేకు మీదా లేదు. ఆ రేకుకు కావాల్సిన రాగిని కొండలోంచి మోసుకొచ్చిన వాళ్ల పేరు అసలే లేదు.

మేము లెక్కల సారు కూడా కాబట్టి ఒక చిన్న లెక్క వేద్దాం. రాతిలో నూటికి రెండు పాళ్లు రాగి ఉందనుకోండి. ఒక కిలో రాగికి 50 కిలోల రాయి పగలగొట్టాలి. అయిదు కిలోల రేకులకు 250 కిలోల రాయి. ఒక్క గింజ కూడా కొలిమిలో పోలేదనుకుంటేనే ఈ లెక్క. పోకుండా ఉండదు. దానికి తోడు ఆ రాయిని ముందు మంటబెట్టి కాల్చాలి, నీళ్లు చల్లి పగలగొట్టాలి, రాతి సుత్తులతో దంచాలి, మంచిది ఏరాలి. కట్టెలు కొట్టాలి, బొగ్గు చేయాలి. రాగి కరగడానికి 1085 డిగ్రీల వేడి కావాలి. ఊరికే కట్టెల మంటకు అంత వేడి రాదు. గాలి ఊదాలి, గంటల తరబడి ఊదాలి.

దానం చేసినాయన ఒక్క మాటతో దానం చేసినాడు. రేకు తయారు కావడానికి ఎంతమంది నడుములు వంగినాయో ఈ లెక్క చెప్తుంది.

మన చుట్టూ ఉన్న రాగి

శింగనమల కొండల్లో రాగి గనులు లేవు. మన పక్కన వజ్రకరూరులో వజ్రాలున్నాయి, తాడిపత్రి వైపు ముగ్గురాయి ఉంది, రామగిరిలో బంగారం తవ్విన పాత గుంతలున్నాయి. రాగికి మాత్రం నాలుగు దిక్కులా పోవాల్సిందే.

పడమటికి పోతే చిత్రదుర్గం పక్కన ఇంగళదాళ్. అక్కడ పూర్వం తవ్విన గుంతలున్న చోటే ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ గని పెట్టినారు. ఉత్తరానికి పోతే ఇప్పటి నంద్యాల జిల్లా గడివేముల మండలంలో ఒక ఊరుంది. ఆ ఊరి పేరే గని. అక్కడ పాత రాగి తవ్వకాల ఆనవాళ్లున్నాయని భూగర్భ శాఖవాళ్లు రాసినారు. చరిత్ర పుస్తకం మర్చిపోయినా ఊరు తన పేరులో గుర్తుపెట్టుకుంది చూడండి. ఆ గని, శకునాల ఊళ్ల దగ్గరే 2017లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. ఆ పలకల కింద పోయే తీగల్లోనూ రాగే. ఈ రాగి ఎక్కడిదో ఆ పార్కులో గడ్డి పీకే కూలీకి ఎవరూ చెప్పరు.

ఈశాన్యానికి పోతే పల్నాడులో అగ్నిగుండాల. నల్లకొండలో, ధూకొండలో రాగి, బండలమొట్టులో సీసం. అక్కడా పాత తవ్వకాలున్నాయి. తూర్పున నెల్లూరు వైపు గరిమానిపెంట. ఈ తూర్పు గనుల గురించి కంపెనీ కొలువులో ఉన్న బెంజమిన్ హైన్ అనే వైద్యుడు తన పుస్తకంలో రాసినాడు. అది 1814లో అచ్చయింది. దొర రాసింది గనుల గురించి, లాభం వస్తుందా రాదా అని. తవ్వేవాళ్ల గురించి పట్టించుకోవాల్సిన అవసరం కంపెనీకి లేదు.

ఇప్పుడు పాత వస్తువుల సంగతి. బళ్లారి జిల్లా తెక్కలకోటలో 1963-64లో తవ్వకాలు జరిగినాయి. కొండ మీద గుడిసెలు వేసుకుని పశువులు మేపుకుంటూ బతికిన కొత్త రాతియుగపు జనం ఇళ్లు బయటపడినాయి. దాదాపు మూడున్నర వేల ఏళ్ల కిందటి సంగతి. అక్కడ రాతి గొడ్డళ్లు లెక్కలేనన్ని. వాటి నడుమ ఒక రాగి గొడ్డలి దొరికింది. రాజు లేడు, శాసనం లేదు, వేదం చదివిన ఆనవాలు లేదు. పశువుల కాపర్ల ఊళ్లో రాగి ఉంది. అది ఏ కొండ రాగి?

పక్కనే ఇంగళదాళ్ ఉంది కదా, అక్కడిదే అయ్యుంటుంది అనిపిస్తుంది. గని ఊరు కూడా దూరం కాదు. కానీ అనిపించడం వేరు, తేలడం వేరు.

రాగికి పుట్టుమచ్చ

తేల్చే దావ ఒకటుంది. గొర్రెలు కాసేవాళ్లు చెవి కోసో, వాత పెట్టో గుర్తు వేస్తారు. నాలుగు మందలు కలిసినా ఎవరి గొర్రె వాళ్లు పట్టుకుంటారు. అట్లాంటి గుర్తు కొండలోని ఖనిజానికీ ఉంది. అది రాగిలో కాదు, రాగితో పాటు కొద్దిగా కలిసి వచ్చే సీసంలో ఉంటుంది.

పిల్లలూ, ఇక్కడ జాగ్రత్తగా వినండి. సీసం అణువులు నాలుగు బరువుల్లో ఉంటాయి. 204, 206, 207, 208. వీటిని ఐసోటోపులంటారు. 204 రకం భూమి పుట్టినప్పుడు ఎంతుందో ఇప్పుడూ అంతే. 206, 207 రకాలు యురేనియం క్షీణించడం వల్ల పెరుగుతూ వస్తాయి, 208 థోరియం వల్ల పెరుగుతుంది. కొండలో ఖనిజం గడ్డకట్టినప్పుడు సీసం ఆ రెండిటి నుంచీ విడిపోతుంది. అప్పటికి ఈ నాలుగు ఏ పాళ్లలో ఉన్నాయో ఆ పాళ్లే నిలిచిపోతాయి. కొండ వయసు వేరు, పుట్టుక వేరు కాబట్టి పాళ్లూ వేరు.

గొప్ప సంగతేందంటే, కొలిమి ఈ గుర్తును చెరపలేదు. రాయిని కాల్చు, కరిగించు, గొడ్డలి చేయి, చెంబు చేయి, దేవుడి విగ్రహం చేయి, పాళ్లు మారవు. రవ్వంత పొడి తీసి యంత్రంలో పెడితే ఆ నాలుగు రకాల పాళ్లు చెప్తుంది. ఇట్లాగే గనుల రాళ్లనూ, పాత కొలిమిల చిట్టేన్నీ పరీక్ష చేసి రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. బెంగుళూరులో పనిచేసే శాస్త్రవేత్త శారదా శ్రీనివాసన్ దక్షిణ భారతదేశపు లోహ విగ్రహాలు నూటికి పైగా ఇట్లా పరీక్షించి 1999లో ఫలితాలు అచ్చువేసింది. ఏ విగ్రహం ఏ కాలపుదో తేల్చడానికి ఆ గుర్తులు పనికొచ్చినాయి. మనల్ని గుడి బయట నిలబెట్టినారు గానీ, గుడి లోపలి విగ్రహం కూడా పరీక్షకు నిలబడాల్సిందే అని సైన్సు చూపించింది.

బయటి దేశాల సంగతి రెండు చెప్తాం. 1991లో ఆల్ప్స్ కొండల మంచులో అయిదు వేల ఏళ్లకు పైబడిన ఒక మనిషి శవం దొరికింది. పక్కన రాగి గొడ్డలి. ఆ కొండల్లోనే రాగి ఉంది కాబట్టి అక్కడిదే అనుకున్నారు. 2017లో పరీక్ష ఫలితం వచ్చింది. ఆ రాగి ఎక్కడో ఇటలీ నడుమ, దక్షిణ టస్కనీ గనులది. వందల కిలోమీటర్లు చేతులు మారి వచ్చింది. రెండోది, టర్కీ తీరంలో ఉలుబురున్ దగ్గర సముద్రంలో మునిగిన ఓడ. 1982లో దాన్ని మొదట చూసింది పండితుడు కాదు, స్పాంజీలు ఏరుకుని బతికే గజఈతగాడు. దాంట్లో దాదాపు పది టన్నుల రాగి దిమ్మెలున్నాయి. మూడు వేల మూడు వందల ఏళ్ల నాటివి. పరీక్ష చేస్తే అది సైప్రస్ రాగి అని తేలింది.

దీంట్లో మనకు పాఠం ఏంది? దగ్గరుండటం సాక్ష్యం కాదు. తెక్కలకోట గొడ్డలి ఇంగళదాళ్‌దే అని మేము ఈ వేదిక మీద చెప్పం. పక్కన గని ఉంది కాబట్టి అక్కడిదే అంటే అది పంచాయితీ తీర్పు అవుతుంది గానీ శాస్త్రం కాదు. మన మీద ఎన్నో కేసులు అట్లా పెట్టినవే కదా. దొంగతనం జరిగింది, పక్కన మాలమాదిగ పేట ఉంది, కాబట్టి వాళ్లే. అదే తర్కం మనమూ వాడితే ఎట్లా?

ఈ పద్ధతికీ ఇబ్బందులున్నాయి. పాత చెంబులు, విరిగిన గంటలు, అరిగిన నాణేలు అన్నీ కరిగించి కొత్తది పోస్తే గుర్తులు కలిసిపోతాయి. నాలుగిళ్ల జొన్నలు ఒకే మిల్లులో ఆడించినాక ఏ పిండి ఎవరిదో చెప్పగలరా? కంచులో విడిగా సీసం కలిపితే ఆ గుర్తు సీసం గనిది అవుతుంది, రాగి గనిది కాదు. ఒక్కోసారి రెండు గనుల పాళ్లు ఒకటే అయి ఉంటాయి. అందుకే దీంతో పాటు వస్తువులో ఆర్సెనిక్, నికెల్, వెండి ఎంతెంత ఉన్నాయో చూస్తారు. కొలిమి కాడ దొరికిన బొగ్గుతో కాలం లెక్క కడతారు. ఒక్క సాక్షిని నమ్మి తీర్పు చెప్పరు.

మనోళ్లే అని రాసుకుందామా?

నిన్న రాత్రి ఒక తమ్ముడు మాతో వాదం పెట్టుకున్నాడు. "సార్, ఇన్ని మాటలెందుకు? రాగి తవ్వింది మనోళ్లే. మాదిగలే, మాలలే అని రాయండి. వాళ్లు రుజువు లేకుండా వేల ఏళ్లు రాసుకోలేదా?" అన్నాడు. ఆ కోపం మాకు అర్థమవుతుంది. మేము డిగ్రీ చదివిన నాడు మా ఇంట్లో సంతకం పెట్టడం వచ్చినోళ్లు కూడా లేరు. చరిత్ర పుస్తకంలో మా వాడ పేరు కోసం మేమూ వెతికినోళ్లమే. దొరకనప్పుడు కడుపు మండింది.

కానీ తమ్ముడూ, ఐసోటోపు కొండ పేరు చెప్తుంది, కులం పేరు చెప్పదు. మూడున్నర వేల ఏళ్ల కిందట తెక్కలకోట గుడిసెలో ఉన్న మనిషికి ఇప్పటి మన కులం పేరు తగిలించడానికి మన కాడ రుజువు లేదు. లేనిది రాస్తే ఒక్క సంగతి జరుగుతుంది. రేపు ఎవడో పండితుడు వచ్చి దాన్ని కొట్టేస్తాడు, దాంతో పాటు మన నిజాలను కూడా కొట్టేస్తాడు.

మన కాడ ఉన్న నిజాలు తక్కువేం కాదు. మొదటిది, శ్రమ నిజం. రాయి దానంతట అది పగల్లేదు. రెండోది, తిత్తి నిజం. మన తెలుగు నేల మీద నిన్నమొన్నటి దాకా కొలిమి తిత్తి అంటే తోలు తిత్తి. తోలు ఊనింది ఎవరు? తంగేడు చెక్క వేసి, సున్నం వేసి, కంపు భరించి, చచ్చిన గొడ్డు చర్మాన్ని ఊపిరి పట్టే తిత్తిగా మార్చింది ఎవరు? ఊరి కొలిమికి ఊపిరి మాదిగ లంద నుంచి వచ్చింది. ఇది ఊహ కాదు, మా తాతలు చేసిన పని. ఆ గాలితో కాలిన వస్తువు గుడికి పోయింది, తిత్తి చేసినోడు పేటలో ఉండిపోయినాడు.

మూడోది, కోలారు నిజం. అది బంగారు గనే, రాగి గని కాదు. కానీ అక్కడ మూడు కిలోమీటర్ల లోతుకు దిగినోళ్లలో ఎక్కువమంది ఎవరు? ఆర్కాటు, చిత్తూరు వైపు నుంచి పోయిన దళితులే. ఊళ్లో భూమి లేక, పరువు లేక భూమి కిందికి పోయినారు. 2001లో ఆ గని మూసేసినారు, మన రామగిరి గని కూడా మూతపడింది. బంగారం ఎక్కడెక్కడికో పోయింది. దుమ్ము మాత్రం వాళ్ల ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. కాగితం మీద లెక్కలున్న కాలంలో గనిలోకి దిగింది ఎవరో మనకు తెలుసు. లెక్కలు లేని కాలం గురించి అడిగే హక్కు మనకు దీంతో వస్తుంది. జవాబు మాత్రం తవ్వి తీయాల్సిందే.

చేయాల్సిన పని

పోయిన ఏడాది పిల్లల్ని తీసుకుని ఇక్కడికి తూర్పున ఒక ఊరి చేలల్లోకి పోయినాం. గట్టు పక్కన నల్లటి చిట్టెం దిబ్బ ఉండాలని ఒక అవ్వ చెప్పింది. పోయి చూస్తే సగం దిబ్బ లేదు. దావకు గ్రావెల్ కింద ట్రాక్టర్లతో ఎత్తుకుపోయినారంట. మిగిలింది ఇనుము చిట్టెమే, రాగిది కాదు. మేమేమీ కనిపెట్టలేదు. కానీ ఒక ఆరో తరగతి పాప చిట్టెం గడ్డ చేతిలో పట్టుకుని, "సార్, ఇది ఎవురు కాల్చినారు?" అని అడిగింది. బడిలో ఏ పాఠమూ ఆ పాప చేత ఆ ప్రశ్న అడిగించలేదు.

రాజుల రేకులకు మ్యూజియంలో అద్దాల బీరువా ఉంది. పనిచేసిన జనం రాసిపెట్టిన శాసనం ఈ చిట్టెం దిబ్బే. దాన్ని దావకు పోస్తున్నారు. దిబ్బ పోతే బొగ్గు పోతుంది, కాలం పోతుంది, సీసం గుర్తు పోతుంది. ఆ తర్వాత ఎంత గొప్ప యంత్రం వచ్చినా పరీక్షకు ఏం పెడతాం?

కాబట్టి మూడు పనులు. మీ మీ ఊళ్లల్లో చిట్టెం దిబ్బలు, పాత గుంతలు, బూడిద దిబ్బలు ఎక్కడున్నాయో ముసలోళ్లను అడిగి, సర్వే నంబరుతో సహా నోటు పుస్తకంలో రాయండి. తవ్వొద్దు, కదిలించొద్దు, రాయండి అంతే. రెండోది, చేన్లో రేకులో, నాణేలో దొరికితే మార్వాడీ కొట్టుకు పోవద్దు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. కరిగిన రాగికి కిలో లెక్క ధర వస్తుంది, సాక్ష్యం మాత్రం ఆవిరవుతుంది. తెలియజేసి, రాతపూర్వకంగా రసీదు తీసుకోండి, దొరికినోళ్ల పేరు రాయించండి. కూలీకి దొరికిన వస్తువు ఆసామి పేరుతో పుస్తకమెక్కకుండా చూసుకోవాల్సింది మనమే.

మూడోది పిల్లలకు. మన పిల్లలు టీచర్లు కావాలి, కలెక్టర్లు కావాలి అని అందరమూ అంటాం. భూగర్భశాస్త్రం చదవాలి అని ఎవరైనా అన్నారా? ఆ యంత్రం ముందు కూర్చునే పిల్ల మన పేట నుంచి పోవాలి. ఎందుకంటే యంత్రం పాళ్లు చెప్తుంది గానీ, ప్రశ్న అడగదు. ఏ రాజు కాలపుది అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. తవ్విందెవరు అని అడిగేవాళ్లు కావాలి.

తాతా, మళ్లీ నీ కాడికే వస్తాం. నువ్వు దోసిలి పట్టిన ఆ చెంబు ఏ కొండ రాగిదో ఈ రోజు మాకు తెలీదు. కానీ అది తెలుసుకునే విద్య ఉంది. ఇంతకాలం ఆ విద్య చెంబు పట్టుకున్నోళ్ల చేతిలోనే ఉండాది. ఇప్పుడు దోసిలి పట్టినోళ్ల చేతికి రావాలి.

జై భీమ్.